అడ్వెంచర్ టూరింగ్ బైక్ టైర్లు

తారు రోడ్డుపైనా, కంకర, మట్టి బాటలపైనా దూరప్రయాణం చేసే మోటార్‌సైకిళ్లకు వాడే టైర్లు. ఎక్కువగా తారు మీదే నడిపేవారికి ట్రెడ్ దిమ్మలు దగ్గరదగ్గరగా ఉన్నవి మేలు. ఎక్కువ కాలం మన్నుతాయి. బురద దారులకు దిమ్మలు పెద్దవిగా, ఎడంగా ఉండాలి. ఇవి తారు మీద త్వరగా అరుగుతాయి, మోత చేస్తాయి.

2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ముందు టైరు కొలత 90/90-21: వెడల్పు 90 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 21 అంగుళాలు. వెనుక టైరు 120/90-17.

కొత్త టైరు బరువు, వేగాల సూచికలు బైకు తయారీదారు చెప్పినదానికి తగ్గకూడదు. తయారీ తేదీ గడిలో ‘2324’ అని ఉంటే అది 2024లో 23వ వారంలో తయారైనది. ఇసుకలో గాలి కొంత తగ్గిస్తే పట్టు పెరుగుతుంది; తారెక్కే ముందు మళ్లీ నింపాలి.