అత్యవసర విభాగంలో నర్సింగ్ సేవలు, రోగి సంతృప్తి: సీతంపేట మన్యం

రోగి నర్సుల నుంచి ఆశించిన సేవకూ, తనకు అందిందని భావించిన సేవకూ మధ్యనున్న పొందికను రోగి సంతృప్తి అంటారు. ప్రాథమిక వైద్యం కోసం నాన్సీ రిస్సర్ 1975లో ప్రకటించిన కొలమానం నర్సుల వృత్తి నైపుణ్యాన్ని, విషయం బోధపరిచే తీరును, కలిగించే నమ్మకాన్ని విడివిడిగా పరిశీలించింది.

2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట, సవరలు, జాతాపులు నివసించే ప్రాంతానికి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కేంద్రం. వాహనం చేరలేని గూడేల నుంచి రోగిని డోలీలో, అంటే కర్రకు కట్టిన జోలెలో, రోడ్డు దాకా మోసుకొచ్చి 108 వాహనం ఎక్కించవలసిన చోట నిరీక్షణ ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలవదు. అందుచేత ప్రాణాపాయ తీవ్రతను బట్టి చికిత్స వరుసను నిర్ణయించే ట్రయేజ్ పద్ధతిలో, తరువాత వచ్చినవారిని ముందు ఎందుకు చూస్తున్నారో నర్సు చెప్పకపోతే బంధువులకు అది నిర్లక్ష్యంగానే కనిపిస్తుంది.

ఇక్కడ భాషది ప్రధాన స్థానం. సవర భాష ముండా కుటుంబానికి చెందినది, తెలుగుకు బంధువు కాదు. గిడుగు రామమూర్తి 1931లోనే దానికి వ్యాకరణ గ్రంథం వెలువరించారు. పాముకాటు రోగికి విషవిరుగుడు ఎక్కించాక గంటల తరబడి కనిపెట్టుకుని ఉండడం ఎందుకో అతని మాటలోనే వివరించడం చికిత్సలో భాగమే. సంతృప్తిని కొలిచేటప్పుడూ భాష అడ్డు వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ‘మేరా అస్పతాల్’ ఫోన్, సందేశాల ద్వారా రోగుల అభిప్రాయాలు సేకరిస్తుంది. ఫోన్ లేని, సవర మాత్రమే వచ్చిన వృద్ధుల అనుభవం దానికి అందడం కష్టం కనుక, మాతృభాషలో ముఖాముఖి అడగడమే తగిన పద్ధతి.