పాదరస దీపం నుంచి ఎల్‌ఈడీకి: ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని చరిత్రలో కాంతి జనకం పాత్ర

ఉపోద్ఘాతం

సూక్ష్మదర్శిని చరిత్రను సాధారణంగా కటకాల చరిత్రగా రాస్తారు. ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని విషయంలో ఆ దృష్టి చాలదు. ఒక తరంగదైర్ఘ్యపు కాంతిని గ్రహించి, అంతకంటే అధిక తరంగదైర్ఘ్యం గల కాంతిని వెలువరించే గుణమే ప్రతిదీప్తి. కనుక ఇక్కడ ఏమి కనిపించాలన్నది ముందుగా దీపం మీదే ఆధారపడుతుంది. ఆ దృశ్యం ఎవరికి అందాలన్నదీ చాలాకాలం దీపమే నిర్ణయించింది.

పాదరస దీపపు కాలం

1904లో జర్మనీలోని జెనాలో, జైస్ సంస్థలో పనిచేస్తున్న ఆగస్ట్ కోలర్ అతినీలలోహిత కాంతితో పరిశీలన చేస్తూ నమూనాలు తామే వెలగడం గమనించారు. 1910ల తొలినాళ్లలో ఆస్కార్ హైమ్‌స్టెట్, హైన్రిచ్ లేమాన్ ఆ వెలుగునే పరిశీలనకు సాధనంగా మలిచారు. 1930ల చివరలో హాగెమన్ క్షయ క్రిములను ఆరమిన్ వర్ణకంతో వెలిగించి చూసే పద్ధతిని ప్రవేశపెట్టారు. తక్కువ వర్ధనంలోనే క్రిములు కనిపించడం వల్ల కఫ పరీక్ష త్వరగా ముగిసేది. 1967లో యోహాన్ ప్లూమ్ ద్వివర్ణ దర్పణాల సాయంతో, వస్తుకటకం గుండానే కాంతిని నమూనాపైకి పంపే అమరికను రూపొందించారు.

అయితే, ఈ పద్ధతి పెద్ద ప్రయోగశాలలను దాటి రావడం కష్టమైంది. పాదరస దీపం ఆయుష్షు సుమారు 200–300 గంటలు. ఆర్పితే చల్లారేవరకు తిరిగి వెలిగించరాదు. అధిక పీడనంలోని బల్బు పగిలితే పాదరస ఆవిరి వెలువడుతుంది. క్షయ అధికంగా ఉన్న ప్రాంతాల్లోని చిన్న కేంద్రాలకు ఇవన్నీ మోయలేని భారాలు.

ఎల్‌ఈడీ, స్వయంనిర్మిత అమరికలు

1993లో నిచియా సంస్థలో షుజీ నకామురా రూపొందించిన ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ ఈ స్థితిని మార్చింది. ఆరమిన్‌ను ఉత్తేజపరచడానికి నీలి కాంతి సరిపోతుంది. అల్యూమినియం హీట్ సింక్‌పై బిగించిన అధిక సామర్థ్యపు ఎల్‌ఈడీ, దాని ముందు ఒక కటకం, స్థిర విద్యుత్ ప్రవాహాన్నిచ్చే డ్రైవర్ సర్క్యూట్ ఉంటే, పాత దీపపు గూటిలోనే కొత్త కాంతిని అమర్చుకోవచ్చు. బ్యాటరీతోనూ ఇది పనిచేస్తుంది.

ఇందులోని అసలు చిక్కు ఫిల్టర్లది. పాదరస కాంతి 365, 405, 436, 546 నానోమీటర్ల వంటి రేఖల వద్ద కేంద్రీకృతమై ఉంటుంది. పాత ఫిల్టర్లలో అనేకం ఆ రేఖలకు అనుగుణంగా తయారైనవే. 436 రేఖకు ఉద్దేశించిన ఇరుకైన ఫిల్టర్ 455 నానోమీటర్ల ఎల్‌ఈడీ కాంతిని చాలావరకు అడ్డుకుంటుంది. దీపం మారినా ఫిల్టర్లలో దాని వారసత్వం మిగిలే ఉంది. అందువల్ల ఎల్‌ఈడీ ఎంపిక ఫిల్టర్ పరిశీలనతోనే మొదలుకావాలి.

ముగింపు

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విధాన ప్రకటన క్షయ నిర్ధారణలో సంప్రదాయ ప్రతిదీప్తి సూక్ష్మదర్శినుల స్థానంలో ఎల్‌ఈడీ పరికరాలను సిఫారసు చేసింది. భారత క్షయ నియంత్రణ కార్యక్రమం కూడా వాటిని ప్రవేశపెట్టింది. తీవ్రతలో తొలి ఎల్‌ఈడీలు పాదరస రేఖలను అధిగమించలేదు. తక్కువ ఖర్చు, దీర్ఘాయుష్షు, సురక్షితత్వం వాటిని నిలబెట్టాయి. కాబట్టి ఈ మార్పును ప్రకాశం సాధించిన విజయంగా కంటే, అందుబాటు సాధించిన విజయంగా గుర్తించడం సమంజసం.