డ్రై ఐస్: ప్యారిస్ సిలిండరు నుంచి గోదాము యంత్రం దాకా

1835లో ఫ్రాన్సుకు చెందిన అడ్రియన్ తిలోరియే, ద్రవ కార్బన్ డయాక్సైడ్ నింపిన సిలిండరును తెరిచాడు. ద్రవంలో చాలా భాగం బుస్సుమంటూ ఆవిరైపోయింది. మిగిలింది తెల్లని మంచు, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. డ్రై ఐస్ అంటే ఇదే. పీడనం ఒక్కసారిగా పడిపోతే ద్రవంలో కొంత ఆవిరవుతుంది. అందుకు కావలసిన వేడిని మిగతా ద్రవం నుంచే లాక్కుంటుంది. వేడి కోల్పోయిన ఆ భాగం గడ్డకడుతుంది. నేటి డ్రై ఐస్ యంత్రాలు నడిచేది ఈ సూత్రం మీదే.

తర్వాత దాదాపు తొంభై ఏళ్లు అది ప్రయోగశాలల్లో, కొందరు చర్మవైద్యుల దగ్గర ఉండిపోయింది. 1924లో థామస్ స్లేట్ అనే అమెరికన్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. మరుసటి ఏడాదే డ్రైఐస్ కార్పొరేషన్ అమ్మకాలకు దిగింది. అంతవరకు ఐస్‌క్రీమును ఐసు, ఉప్పు కలిపి నింపిన బరువైన తొట్లలో పంపేవారు. కరిగిన ఉప్పునీటితో వచ్చే ఇబ్బందులు సరేసరి. కిలో ఐసు కరిగేటప్పుడు పీల్చుకునే వేడి 334 కిలోజౌళ్లు. మైనస్ 78.5 డిగ్రీల దగ్గర నేరుగా వాయువుగా మారుతూ కిలో డ్రై ఐస్ పీల్చుకునేది సుమారు 571. పైగా చుక్క నీరు మిగలదు. ఆహార రవాణాదారులను ఆకట్టుకున్నది ఈ రెండు గుణాలే.

దాని లోపమూ అక్కడే ఉంది. మంచి ఇన్సులేషన్ పెట్టెలో ఉంచినా, పెట్టెను బట్టి రోజుకు 2 నుంచి 10 శాతం దాకా కర్పూరంలా హరించుకుపోతుంది. దూరపు ఫ్యాక్టరీలో కొన్న బరువు ఒకటి, గోదాముకు చేరే బరువు ఇంకొకటి. రోజూ పెట్టెలు నింపేవారు తమ ఆవరణలోనే తయారీకి దిగింది అందుకే.

ఈ ఏర్పాటులో ఆరుబయట ఒక ట్యాంకు ఉంటుంది. అందులో సుమారు 20 బార్ పీడనంతో, మైనస్ 20 డిగ్రీల దగ్గర ద్రవ కార్బన్ డయాక్సైడ్ నిల్వ ఉంటుంది. అది నాజిల్ గుండా యంత్రంలోకి చిమ్మగానే పొడిమంచు రాలుతుంది. హైడ్రాలిక్ పిస్టన్ దాన్ని రంధ్రాల పలకలోంచి నొక్కితే గుళికలు బయటికి వస్తాయి. ఆహారపు పెట్టెలకు 16 మిల్లీమీటర్ల గుళికలు అనువు. ద్రవంలో మంచుగా మారేది సగానికన్నా తక్కువే. మిగతా వాయువును పట్టి మళ్లీ ద్రవంగా మార్చే ఏర్పాటు లేకపోతే అదంతా గాలిపాలే. 2020లో కోవిడ్ టీకాల రవాణా కోసం కొరియర్ సంస్థ యూపీఎస్ అమెరికాలోని తన కేంద్రాల్లో గంటకు 1,200 పౌండ్ల వరకు డ్రై ఐస్‌ను సొంతంగా తయారుచేసే ఏర్పాటు చేసుకుంది.

యంత్రం సొంతమైనా ముడిసరుకు సొంతం కాదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఎరువుల కర్మాగారాలు, డిస్టిలరీల నుంచి వస్తుంది. 2021 సెప్టెంబరులో సహజవాయువు ధర పెరిగి బ్రిటన్‌లో రెండు ఎరువుల ప్లాంట్లు ఆగితే, మాంసం, పానీయాల పరిశ్రమలు కార్బన్ డయాక్సైడ్‌కు కటకటలాడాయి. అందుకే యంత్రం ధర కన్నా ముందు ద్రవం సరఫరా ఒప్పందాన్ని చూసుకోవాలి.

జాగ్రత్తల విషయంలో మాత్రం రాజీ వద్దు. కిలో డ్రై ఐస్ నుంచి 500 లీటర్లకు పైగా వాయువు వస్తుంది. గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారున పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. బిగించిన డబ్బాలో పెడితే డబ్బా పేలుతుంది. తయారీ గదిలో, వ్యానులో గాలి ఆడనివ్వండి. గదిలో కార్బన్ డయాక్సైడ్‌ను పసిగట్టే అలారం పెట్టండి. గ్లవుజులు లేకుండా ఎవరినీ డ్రై ఐస్ ముట్టుకోనివ్వకండి.