మీరట్ రౌతులు, తూటాకు పూసిన కొవ్వు

1857 మే 9, శనివారం. మీరట్ కవాతు మైదానంలో 85 మంది రౌతుల కాళ్ళకు కమ్మరులు బేడీలు బిగించారు. వాళ్ళు బెంగాల్ సైన్యంలో మూడో లైట్ కావల్రీ పటాలం వాళ్ళు. శత్రువుకు వెన్ను చూపినవాళ్ళు కారు, దొంగలూ కారు. తూటాలు తీసుకోమంటే వద్దన్నారు, అంతే. వాళ్ళ పతనానికి దారి తీసింది తుపాకి గొట్టం బాగోగుల కోసం తూటాకు పూసిన జిడ్డు.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకి గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు మూడు ఉంటాయి. గుండు వాటిని పట్టుకుని గిర్రున తిరుగుతూ పోతేనే గురి దూరం సాగుతుంది. కానీ ఆనాటి తుపాకిమందు కాలితే సగానికి పైగా మసిగానే మిగిలిపోయేది. ఆ మసి గాడుల్లో పేరుకుని, ఎండవేడికి పెచ్చులు కట్టేది. కొన్ని గుళ్ళు పేల్చాక తరువాతి గుండు కడ్డీతో ఎంత దంచినా లోపలికి దిగేది కాదు. అందుకే సీసపు గుండుకు కాగితం చుట్టి, ఆ కాగితం మీద జిడ్డు పూసేవారు. జిడ్డు మసిని మెత్తబరిచేది, కాగితం సీసాన్ని గొట్టానికి అంటనిచ్చేది కాదు. పని అయ్యాక నీళ్ళు పోసి కడిగి, గుడ్డతో తుడిచి, నూనె రాస్తే గొట్టం పదికాలాలు మన్నేది.

ఇంత చక్కని పనితనంలో మనిషిని మరిచారు. సిపాయి తూటా కొసను పళ్ళతో చించి, మందు గొట్టంలో పోసి, ఆపైన గుండు దింపాలి. చించేది మందు ఉన్న కొసనే, జిడ్డు ఉండేది రెండో కొసన. అయినా నోటి దాకా వచ్చేది ఆ తూటాయే. ఆ జిడ్డులో ఉన్నదేమో జంతువుల కొవ్వు. అది ఏ జంతువుదో పట్టించుకుని చూసినవారు లేరు.

హెచ్చరించినవాళ్ళు లేకపోలేదు. జిడ్డు మన ఎండలకు ఎలా నిలుస్తుందో చూడటానికి 1853లో నమూనా తూటాలు ఇండియాకు వచ్చాయి. ఆ జిడ్డు ఎవరి ఆచారానికీ అడ్డు రాదని తేలేదాకా వాటిని దేశీ సిపాయిలకు ఇవ్వవద్దని కర్నల్ హెన్రీ టక్కర్ అప్పుడే రాశాడు. ఆ మాట మిలిటరీ బోర్డు దగ్గరే ఆగిపోయింది.

1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ నుంచి పుకారు బయలుదేరింది: తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూస్తున్నారని. నెలాఖరుకు ప్రభుత్వం దిగివచ్చింది. జిడ్డు లేని తూటాలిస్తాం, మీకు నచ్చిన పూత మీరే రాసుకోండి అంది. తరువాత పళ్ళతో చించనక్కర్లేదు, చేత్తో చించినా చాలంది. అప్పటికే నమ్మకం చెడింది. అనుమానం కొవ్వును వదిలి కాగితానికి పట్టుకుంది. దాని నునుపు కూడా కొవ్వు వల్లనే అన్నారు.

ఏప్రిల్ 24న మూడో లైట్ కావల్రీ అధిపతి కర్నల్ కార్మైకేల్ స్మిత్ మీరట్‌లో 90 మందిని వరుసగా నిలబెట్టి, చేత్తో చించే కొత్త పద్ధతి చూపబోయాడు. ఆ రోజు ఇవ్వబోయినవి ఎన్‌ఫీల్డ్ తూటాలు కూడా కావు, వాళ్ళు ఏళ్ళ తరబడి వాడుతున్న పాతవే. అయిదుగురు తీసుకున్నారు. 85 మంది తీసుకోలేదు. తీసుకుంటే ఊళ్ళో తలెత్తుకోలేమని వాళ్ళ భయం. విచారణకు కూర్చున్న 15 మంది దేశీ అధికారుల్లో 14 మంది వాళ్ళను దోషులన్నారు. పదేళ్ళ కఠిన శిక్ష పడింది. చిన్నవాళ్ళు 11 మందికి మాత్రం అయిదేళ్ళకు తగ్గించారు. మే 9న అందరి ముందూ వాళ్ళ యూనిఫారాలు ఊడదీశారు. వాళ్ళకు రావలసిన జీతం లెక్క తేల్చడానికి జైలుకు వెళ్ళిన యువ అధికారి హ్యూ గఫ్ ముందు, యుద్ధాల్లో పతకాలు పొందిన పెద్ద వయసు సైనికులు భోరున ఏడ్చారు. వాళ్ళ బెంగంతా ఇంటి దగ్గర పెళ్ళాంబిడ్డల గురించే.

మర్నాడు ఆదివారం సాయంత్రం తోటి రౌతులు జైలు బద్దలుకొట్టారు. ఆ రాత్రి మీరట్‌లో ఆంగ్లేయ స్త్రీలు, పిల్లలు కూడా హతమయ్యారు. ఆ దుఃఖాన్నీ ఈ కథలో దాచకూడదు. తెల్లవారేసరికి రౌతులు ఢిల్లీలో ఉన్నారు. సెప్టెంబరులో ఢిల్లీ తిరిగి ఆంగ్లేయుల వశమైంది. ముసలి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ రంగూన్‌లో 1862లో కన్నుమూశాడు. బెంగాల్ లైట్ కావల్రీ పటాలాలు పదీ సైన్యం జాబితాలోంచి చెరిగిపోయాయి. 1858లో ఈస్టిండియా కంపెనీ పాలనా ముగిసింది.

తిరుగుబాటుకు కారణాలు అనేకం. 1856లో అవధ్‌ను కలుపుకోవడం అందులో ఒకటి. కానీ ఈ 85 మంది బతుకు మాత్రం ఆ పూత దగ్గరే విరిగింది. తేనెమైనం, నూనె ప్రతి బజారులోనూ దొరికేవి. 1857 జనవరిలో ఇచ్చిన ఆజ్ఞ 1853లోనే ఇచ్చి ఉండవచ్చు. అప్పుడైతే దాన్ని మర్యాద అనుకునేవారు, నాలుగేళ్ళ తరువాత మోసం అనుకున్నారు. గొట్టానికి ఏది పడుతుందో అంత శ్రద్ధగా పరీక్షించినవాళ్ళు, ఆ తూటాను నోట కరిచే మనిషిని ముందే ఒక్క మాట అడిగి ఉండవలసింది.