చచ్చిన కోడి కోడేనా?

కిందటేడు న్యూజెర్సీలో మా చెల్లెలి దగ్గర నెల్లాళ్ళున్నాను. ఒకరోజు నన్ను కూరగాయల దుకాణానికి తీసుకెళ్ళారు. ఒకవైపు పచ్చి బఠాణీ, మరోవైపు గాజు తలుపుల వెనక మంచులో బిగుసుకుపోయిన బఠాణీ. "రెండూ ఒకటేగా, దీనికింత హంగామా ఎందుకే?" అన్నాను.

"తినేవాళ్ళకి ఒకటే వదినగారూ, ఒకప్పుడు మోసేవాళ్ళకి మాత్రం కాదు," అన్నాడు మా మరిది. అతనిది సరుకు రవాణా కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం. లారీల కథలు మొదలెడితే అన్నం కూడా గుర్తుండదు. ఆ రోజు మొదలుపెట్టిన కథ నన్ను ఊరికే వదల్లేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. ఎందుకంటారా? ఆ కథ సగం వంటింటిది కనక!

అమెరికాలో ఒక్క లారీ కొనుక్కుని, దాన్ని తనే తోలుకుంటూ బతికేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. యజమానీ అతనే, డ్రైవరూ అతనే. 1930ల ఆర్థిక మాంద్యంలో పని పోయినవాళ్ళు చాలామంది అప్పో సప్పో చేసి లారీ కొని రోడ్డెక్కారు. పోటీపడి కిరాయిలు తగ్గించేశారు. రైల్వేలూ, పెద్ద లారీ కంపెనీలూ గోల పెడితే 1935లో చట్టం వచ్చింది. రాష్ట్రాలు దాటి కిరాయికి సరుకు మొయ్యాలంటే అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ అనుమతి ఉండాలి. ఏ దారిన, ఏ సరుకు అన్నది కూడా అందులోనే రాసి ఉంటుంది. అప్పటికే బళ్ళు నడుపుతున్నవాళ్ళకి దొరికింది. కొత్తగా అడిగినవాడికి మాత్రం, పాత కంపెనీలన్నీ ఏకమై అడ్డుపడేవి.

అయితే రైతులు ఊరుకోలేదు. వాళ్ళ కోసం చట్టంలో ఒక చిన్న కిటికీ తెరిచారు. పంటకీ, పశువుకీ, చేపకీ ఏ అనుమతీ అక్కర్లేదు, ఎవరైనా మొయ్యచ్చు. వాటి నుంచి 'తయారైన' వస్తువు మాత్రం కాకూడదు. ఒంటి లారీవాడి బతుకంతా ఆ 'తయారైన' అన్న మాటకి వేళ్ళాడింది.

ఏది పచ్చిది, ఏది తయారైనది? మనల్నడిగితే క్షణంలో చెబుదుం. అక్కడ మటుకు ఇరవయ్యేళ్ళు కొట్టుకున్నారు. బతికున్న కోడి సరే. దాన్ని కోసి, ఈకలు పీకి, శుభ్రం చేసి మంచులో పెడితే? అది తయారైన వస్తువేనంది కమిషన్. ఫ్రోజెన్ ఫుడ్ ఎక్స్‌ప్రెస్ అనే లారీ కంపెనీ, కాదంది. పోటీ కంపెనీ అడ్డుపడింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1956లో జస్టిస్ విలియం డగ్లస్ తీర్పు రాస్తూ, చంపి శుభ్రం చేసినంత మాత్రాన కోడి కోడి కాకుండా పోదని తేల్చారు. ఆ మాట చెప్పడానికి అంత పెద్ద కోర్టు కావాలా అని నవ్వకండి. ఆ ఒక్క వాక్యంతో కోళ్ళ లోడు ఒంటి లారీవాళ్ళందరికీ అందుబాటులోకొచ్చింది.

అలాగని గోమాంసానికి ఆ దయ లేదు. బతికున్న పశువుని మొయ్యచ్చు, కోశాక అనుమతి కావాలి! 1958లో అమెరికా కాంగ్రెస్ మళ్ళీ చెయ్యి పెట్టింది. మంచులో గడ్డకట్టించిన కూరలూ పళ్ళూ ఆ కిటికీ లోంచి పోయాయి. మా మరిది చెప్పిన బఠాణీ ఇదే. దిగుమతి అరటిపళ్ళూ, కాఫీ గింజలూ, తేయాకూ కూడా పోయాయి. చేపకి మాత్రం వండినా, రొట్టెపొడి అద్దినా మినహాయింపే. ఊరగాయ పెడితే కాదు! ఈ చట్టం రాసినవాళ్ళు ఏనాడైనా పొయ్యి దగ్గర నిలబడ్డారో లేదో నాకు అనుమానమే.

మరి లారీ కొనేవాడు ఏం కొనాలి? పశువుల బండి కొంటే తిరుగు ప్రయాణంలో అందులో కూరగాయలు వెయ్యలేడు. మామూలు పెట్టెబండి కొంటే క్యాలిఫోర్నియా ఆకుకూర న్యూయార్కు చేరేలోపు కుళ్ళిపోతుంది. అంచేత చాలామంది అప్పు పెద్దదైనా చల్లటిపెట్టె బండికే మొగ్గారు. దాని వెనక ఒక మంచి కథ ఉంది. 1938లో ఒక లారీ యజమాని, ఐసుగడ్డలు కరిగిపోయి లోడు కోళ్ళన్నీ పాడయ్యాయని మిత్రుడు జోసెఫ్ న్యూమెరో దగ్గర వాపోయాడంటారు. న్యూమెరో దగ్గర పనిచేసే ఫ్రెడరిక్ జోన్స్ అనే నల్లజాతి మెకానిక్, బడి చదువు పెద్దగా లేనివాడు, లారీకి బిగించే చల్లదనపు యంత్రం తయారుచేశాడు. ఆ కంపెనీయే తర్వాత థెర్మోకింగ్ అయింది. జోన్స్‌కి జాతీయ పతకం 1991లో, చనిపోయిన ముప్ఫయ్యేళ్ళకి, ఇచ్చారు.

ఆ యంత్రానికీ డీజిలు కావాలి. దాని బరువూ, గోడల మందమూ సరుకులోంచి తగ్గుతాయి. 1974 చట్టం బండీ సరుకూ కలిపి 80,000 పౌన్లకి, అంటే సుమారు 36 టన్నులకి ఒప్పుకునేదాకా ఇంకా తక్కువే. పొడవుకీ హద్దుండేది కనక, సరుకు పెట్టె పొడుగ్గా ఉండాలని డ్రైవరు గదిని ఇంజను నెత్తిమీదే పెట్టేవాళ్ళు. ముక్కు లేని ఆ బండిలో, సీటు వెనక ఇరుకు పడకలో, ఒకరు తోలుతుంటే ఒకరు నిద్రపోయిన మొగుడూపెళ్ళాలెందరో! 1982 చట్టం మొత్తం పొడవు హద్దు తీసేశాక ముక్కుబళ్ళు తిరిగొచ్చాయి.

అసలు బాధ తిరుగు ప్రయాణం. ఆకుకూర దింపి ఖాళీగా మూడువేల మైళ్ళు వెనక్కి రావాలా? అటునుంచి దొరికేది ఫ్యాక్టరీ సరుకు, దానికి అనుమతి లేదు. కాబట్టి అనుమతి ఉన్న కంపెనీకి బండిని లీజుకిచ్చి, కిరాయిలో వాటా వాళ్ళకి వదులుకుని, తలుపు మీద వాళ్ళ పేరు రాయించుకునేవాడు. అప్పు తనది, టైర్లు తనవి, పేరు మాత్రం వాళ్ళది! 1973 చివర్లో డీజిలు ధర మండిపోయి, వేగం 55 మైళ్ళు దాటకూడదని కొత్త సంవత్సరం చట్టం కూడా పడేసరికి ఈ మనుషులే బళ్ళు రోడ్లకడ్డంగా ఆపేశారు. కొన్ని రాష్ట్రాల్లో సైనికులు దిగాల్సి వచ్చింది.

1980 జూలై 1న అధ్యక్షుడు కార్టర్ సంతకంతో అనుమతి సులువైంది. కొత్తవాళ్ళు వేలాదిగా వచ్చిపడ్డారు. కిరాయిలు పడిపోయాయి. కోరుకున్న తలుపు తెరుచుకుంటే చలిగాలి కూడా వచ్చిందన్నమాట. 1995 చివరికి ఆ కమిషనే లేకుండా పోయింది.

తిరిగొచ్చే ముందు ఒక సాయంత్రం హైవే పక్కన కాఫీకి ఆగాం. వెండిరంగు పెట్టెబండి ఒకటి గుర్రుమంటోంది. బండి ఆగినా చల్లటి యంత్రం ఆగకూడదుగా! డ్రైవరుకి యాభై దాటి ఉంటాయి. బండి సొంతమేనట, ఇంకా రెండేళ్ళ వాయిదాలున్నాయట. లోపలేముందని మా మరిది అడిగాడు.

"కోళ్ళు," అన్నాడతను.

నేను ఫక్కున నవ్వాను. ఎందుకో అతనికి అర్థం కాలేదు. దింపాక ఎక్కడికని అడిగితే జేబులోంచి ఫోను తీసి చూపించాడు. అందులో లోడు ఇంకా రాలేదు.