రెండు నాలుకల తాత

మా తాతది మేడ్చల్. ఇంట్లో తెలుగు, తహసీలు కచేరీలో ఉర్దూ. నిజాం రాజ్యంలో కాయితాల భాష అదే మరి. 1918లో పుట్టిన ఉస్మానియా కూడా ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. తాత బడి మొహం చూడలేదు, శామీర్‌పేట అంగట్లో వింటూ నేర్చుకున్నాడు. "రాకపోతే భూమి పోయేది బిడ్డా" అనేవాడు.

ఎనభై దాటాక పక్షవాతం వచ్చింది. మన బరువులో 2 శాతమే ఉండే మెదడు, గుండె పంపే రక్తంలో 15-20 శాతం తీసుకుంటుంది. నాళం ఒకటి మూసుకుపోతే ఆ మేరకు కణాలు చచ్చిపోతాయి. తాతకి చెయ్యి పడిపోయింది గానీ తెలివి తప్పలేదు.

నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ఒక మాట చెప్పింది: రెండు భాషలవాళ్లకి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలో కూడా. 2016లో పక్షవాతం వచ్చిన 608 మంది లెక్క తేల్చారు. ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు.

తాత సంగతిలో ఇదే కారణమని నేననను, బీపీ మాత్ర కూడా ఆయన ఏనాడూ మానలేదు. నిజాంకి దండం పెట్టమన్నా పెట్టను. కానీ చివరిదాకా కిరాణా బాకీ ఉర్దూ అంకెల్లోనే కూడేవాడు, మేం తప్పు చెబితే తెలుగులో తిట్టేవాడు.