కొబ్బరి మాది, అరటి ఆయనది

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. నేను హైదరాబాదులో, ఆఫీసు మీటింగుల మధ్య, గంటగంటకీ ఫోన్లో నీటిమట్టం చూసుకుంటూ కూర్చున్నా. అమలాపురంలో ఉంటున్న నాన్న ఫోన్ చేసి ఒకటే అడిగారు: "ఎనభయ్యారంత వస్తుందంటావా?"

కోనసీమ లంకల్లో వరదలన్నిటికీ కొలత అదే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షలకి, అంటే దానికి రెట్టింపు నీరు. ఏటిగట్లు తెగాయి. లంకలో మా పాత ఇంటి గోడ మీద తాతయ్య మేకుతో గీసిన గీత ఇప్పటికీ ఉంది. నేనప్పటికి పుట్టలేదు. కానీ ఆ కథ వింటూనే పెరిగా: అంతా పోయింది, ఏడాది తిరక్కుండా మళ్ళీ లేచాం.

లంక అంటే గట్టుకి అవతల, ఏటి పాయల మధ్య ఉండే నేల. వరద ఒకచోట కోసేస్తుంది, ఇంకోచోట ఒండ్రు పోసి వెళ్తుంది. లంక పొగాకుకి, కూరగాయలకి అంత పేరు రావడానికి ఆ ఒండ్రే కారణం. అందుకే ఇక్కడి రైతు వరదని తిట్టినా నేలని వదిలిపోడు. ఇంతవరకూ నిజమే. నాకు ఆలస్యంగా తట్టిందల్లా, తాతయ్య కథలో "లేచాం" అన్న మాటలో ఎవరెవరున్నారని.

మా తోటలో కొబ్బరి మాది, దాని కింద అరటి కౌలుకి చేసే ఆయనది. పదిరోజులు నీళ్ళలో నిలబడ్డా కొబ్బరి చెట్టు బతుకుతుంది. అరటి కుళ్ళిపోతుంది. 2022లో అచ్చంగా అదే జరిగింది. నీళ్ళు తీశాక నేను వెళ్ళేసరికి కొబ్బరిచెట్లు మొదళ్ళకి బురద పట్టి నిటారుగా ఉన్నాయి, వాటి మధ్య అరటి అంతా నల్లబడి, కంపు కొడుతూ పడుంది. పరిహారం నాన్న ఖాతాలో పడింది. కాగితం మా పేరు మీద ఉంది కదా.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. 2011లో కౌలుదార్లకి గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో ఇంకోటి వచ్చింది, కాకపోతే అందులో భూ యజమాని సంతకం కావాలి. నాన్న పెట్టలేదు. "రేపు పొలం మాదంటే?" అన్నారు. ఆ ఏడాది కౌలు మాత్రం సగం తగ్గించారు. అది మంచితనమనే అనుకున్నారాయన. నేనూ అలాగే అనుకున్నా, నిజం చెప్పాలంటే కొంచెం గర్వపడ్డా కూడా.

ఆయన్ని ఎనభయ్యారు గురించి అడిగా. అప్పటికి పిల్లాడట. వాళ్ళ నాన్న మా తాతయ్య దగ్గరే కౌలు చేసేవాడు. గట్టు మీద కొన్ని రాత్రులున్నారు, తర్వాత ఎడ్లు అమ్మి పిలకలు కొన్నారు. "మీ తాతగారు మంచోరు బాబూ, ఆ ఏడు కౌలు సగమే తీసుకున్నారు" అన్నాడు.

ఈసారి కూడా పిలకలు అప్పు మీదే తెచ్చాడు. కార్తీకం నాటికి తోట పచ్చబడింది. ఇంట్లోంచి బురద ఎత్తిపోసింది కూడా ఆయనా, ఆయన భార్యే. గోడ మీద తాతయ్య గీత కింద ఇప్పుడు ఇంకో గీత ఉంది, సుద్దముక్కతో గీసింది. అదెవరు గీశారని నాన్న అడిగారు. నీళ్ళొచ్చినప్పుడు ఆ ఇంట్లో మేమెవరం లేం.